విదేశీ వ్యాపారం మేలు గురించి కరపత్రం: చదివినోళ్లు ఎందుకు వెనక్కి ఇస్తున్నారు?

గుత్తికోట
అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో కామర్స్ పిల్లలు అవగాహన సభలు పెడుతున్నారు. విదేశీ వ్యాపారం, విదేశీ పెట్టుబడి వల్ల మామూలు జనానికి మేలేందో చెప్పడం అంశం. దానికి రెండు వైపులా అచ్చేసిన కరపత్రం ఒకటి, 6 అడుగులకు 4 అడుగుల ఫ్లెక్సు ఒకటి కావల్ల. డ్రాఫ్టు ఇట్లుంది:

"విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులు ఆర్థికాభివృద్ధికి చోదకశక్తి. ప్రపంచీకరణ ద్వారా లక్షలాది ఉపాధి అవకాశాలు. ఎగుమతుల వృద్ధితో విదేశీ మారక నిల్వల పెంపు. రండి, ప్రపంచంతో పోటీ పడదాం!"

తొలి సభ ధర్మవరం పక్కన జరిగింది. ఒక పెద్దాయన మొత్తం చదివి "ఇందులో మాకేముందప్పా?" అని మడిచి తిరిగి ఇచ్చినాడంట. మిగతా కాగితాల్లో సగం అక్కడే అరుగు మీద వదిలేసి పోయినారు. ఎగుమతుల పని తెలిసినోళ్లు, మార్కెట్ యార్డు తెలిసినోళ్లు ఈ ఫోరంలో చాలామంది ఉన్నారు. ఏం రాస్తే నిలబడి చదువుతారో చెప్పండి.

చిత్రావతి
ముందు "చోదకశక్తి" తీసేయండి.

లెక్కలపుస్తకం
"లక్షలాది" కూడా. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అని అడిగితే సభలో మైకు పట్టుకున్న పిల్లోడు ఏం జవాబు చెప్తాడు? జవాబు లేని అంకె ఒక్కటి ఉంటే చాలు, మిగతా కాగితం మొత్తం మీద నమ్మకం పోతాది.

అరటితోట
ఒక్క పెట్టె గురించి రాయండి. అరటిపండ్ల పెట్టె. తాడిపత్రి, నార్పల, పుట్లూరు, అటు పులివెందుల వైపు ఈ పెట్టె చూడని ఊరు తక్కువ. మన జనం కళ్ల ముందుండే విదేశీ వ్యాపారం అదే.

అది ఎట్ల తయారవుతుందో వరసగా రాస్తే చాలు. జీ-9 రకం టిష్యూ కల్చర్ (ల్యాబులో పెంచిన) మొక్క, 6 అడుగులకు 6 అడుగులు నాటితే ఎకరాకు 1,200 చిల్లర. గెల పడినాక చివర పువ్వు కోసేసి గెలకు కవరు తొడుగుతారు, ఆకు రాసుకుని గీత పడకుండా. ముప్పావు వంతు పైన ముదిరినప్పుడు, ఇంకా పచ్చిగా ఉండగానే కోస్తారు. పొలంలోనే హస్తాలు విడదీసి, పటిక కలిపిన నీళ్ల తొట్టిలో వేస్తారు. కోసిన చోట కారే పాలు కాయకు అంటితే నల్లమచ్చ పడతాది, అందుకు. ఆరబెట్టి, తూకం వేసి, మధ్యలో ఫోం షీటు పెట్టి 13 కిలోల పెట్టెలో సర్దుతారు. తర్వాత చల్లని గదిలో 13.5 డిగ్రీలకు దించి శీతల కంటైనరుకు ఎక్కిస్తారు. 40 అడుగుల కంటైనరుకు సుమారు 1,500 పెట్టెలు, అంటే 20 టన్నులు.

ఇందులో కూలి దొరికేది ఎవరికి? కోసేవాళ్లు, తలమీద మోసేవాళ్లు, కడిగేవాళ్లు, పెట్టె మడిచేవాళ్లు, తూకం వేసేవాళ్లు, లారీ డ్రైవరు. మండీకి పోయే గెలకు ఇంతమంది చేతులు పడవు. "ఉపాధి అవకాశాలు" అనే మాట బదులు ఈ పనుల పేర్లు రాయండి, చదివినోడికి ఊర్లో ఆ పనికి పోయే మనిషి మొఖం గుర్తుకొస్తుంది.

పెన్న_ఒడ్డు
అరటితోట చెప్పినదానికి తోడు ఒక తారీఖు: 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై పక్కన జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు అరటిపండ్ల రైలు పోయింది, 43 శీతల కంటైనర్లతో. రోడ్డు మీద అది దాదాపు 900 కిలోమీటర్లు. కరపత్రంలో వేయదగ్గ బొమ్మ అది.

హంద్రీ
బొమ్మ బాగానే ఉంటుంది. అదే కరపత్రం కర్నూలు వైపు తెస్తే మాత్రం ఉల్లిరైతు ముందు నిలబెట్టలేరు. 2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం. అదే డిసెంబరులో ఎగుమతే బంద్. 2024 మేలో తెరిచినారు గానీ టన్నుకు 550 డాలర్ల కంటే తక్కువకు అమ్మకూడదని షరతు, పైన 40 శాతం సుంకం అట్లే. సెప్టెంబరులో షరతు తీసి సుంకం 20కి దించినారు. పూర్తిగా ఎత్తేసింది 2025 ఏప్రిల్ 1న. ఇరవై నెలల్లో ఇన్ని మార్పులు చూసినోడికి "ఎగుమతి చేయండి, లాభం పొందండి" అని కాగితం ఇస్తే ఏమనుకుంటాడు?

పైగా కర్నూలు ఖరీఫ్ ఉల్లి నిలవ ఉండదు. వానల్లో పీకేది, తేమ ఎక్కువ, పొర పలచన. మహారాష్ట్ర రబీ గడ్డలా నెలల తరబడి గోదాములో పెట్టి ధర కోసం ఎదురు చూడ్డానికి కుదరదు. ఎగుమతి ఆగిందంటే నాసిక్ సరుకంతా దేశంలోనే తిరుగుతుంది, దాని దెబ్బ కర్నూలు యార్డులో మూట విప్పక ముందే తగులుతుంది. కర్నూలు గడ్డ ఓడ ఎక్కకపోయినా నష్టం మాత్రం దానికీ తగులుతుంది.

గుత్తికోట
హంద్రీ గారూ, మరి అది కరపత్రంలో రాయల్లా వద్దా? అంశం "మేలు" గదా.

హంద్రీ
రాయల్ల. మొదటి పేజీలోనే రాయల్ల.

తుంగభద్ర
నాకు ఒప్పుదల లేదు. మేలు చెప్పడానికి వేసే కాగితంలో నష్టాలన్నీ ఏకరువు పెడితే చదివినోడు భయపడిపోతాడు. ఎరువుల కంపెనీ పోస్టరులో "వాన రాకపోతే ఎరువు దండగ" అని రాస్తుందా? ఇవి అవగాహన సభలు. ఉన్న మేలు కూడా జనానికి తెలియదు, అది తెలియజెప్పడమే పని. నష్టం గురించి చెప్పేవాళ్లు ఊర్లో ఎట్లాగూ ఉన్నారు.

పట్టుపోగు
తుంగభద్ర అన్నా, మీ మాట ధర్మవరంలో ఒక రకంగా, హిందూపురంలో ఒక రకంగా పని చేస్తుంది. రెండూ పాత అనంతపురం జిల్లావే. పట్టు ఒకటే, సుంకం ఒకటే, మేలు మాత్రం ఒకరికి, దెబ్బ ఒకరికి.

2021 బడ్జెట్టులో ముడిపట్టు దిగుమతి సుంకం 10 నుంచి 15 శాతానికి పెంచినారు. చైనా పట్టు కిలో రేవులో 4,000 పడుతుందని లెక్కకు అనుకుందాం. సర్‌చార్జీ పక్కన పెడితే 10 శాతానికి సుంకం 400, 15 శాతానికి 600. తేడా 200. చీరకు అర కిలో పట్టు పట్టిందంటే 100 రూపాయలు మగ్గం మీద పడినట్టు. ఆ 100 షాపు యజమాని ఇవ్వడు, కూలీలో కోత పడుతుందేమోనని నేతగాడి భయం. అదే సుంకం వల్ల హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో మల్బరీ రైతుకు చైనా పోటీ కొంచెం తగ్గి గూళ్ల ధర నిలబడుతుంది.

ఇప్పుడు "దిగుమతులు మేలు" అని రాస్తే ధర్మవరంలో తల ఊపుతారు, హిందూపురంలో కాగితం చించుతారు. "దిగుమతులు ఆపితే మేలు" అంటే అటుది ఇటు. ధర్మవరం సభలో ఆ పెద్దాయన అడిగిన "మాకేముంది" అన్న ప్రశ్నకు పట్టు లెక్కే జవాబు. డ్రాఫ్టులో పట్టు అనే మాటే లేదు. చేనేత ఊర్లో పంచే కాగితంలో పట్టు లేకుంటే ఎట్లప్పా?

చిత్రావతి
పట్టుపోగుకు దండం. ఆ 400, 600 లెక్క యథాతథంగా కరపత్రంలో పెట్టండి. అయితే ధర "లెక్క కోసం అనుకున్నది" అని పక్కనే రాయండి, లేదంటే ఆ రోజు మార్కెట్ ధర చెప్పి తగువు పెట్టుకుంటారు.

ఆదోని_యార్డు
ఆదోనికి పత్తి లెక్క ఇదే తీరు. పత్తి దిగుమతి మీద మొత్తం 11 శాతం సుంకం ఉండేది. 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తేసి, మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించినారు. ఎందుకంటే అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకుపోయింది, బట్టల కంపెనీలకు కొంచెమన్నా చవక పత్తి దొరకల్ల. మిల్లుల వైపు నుంచి చూస్తే అందులో న్యాయం ఉంది. కానీ ఆదోని యార్డుకు కొత్త పత్తి వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే.

అప్పుడు రైతుకు మిగిలే అండ మద్దతు ధర. 2025-26కు పొడవు పింజ రకం క్వింటాలు 8,110, మధ్య పింజ 7,710. సీసీఐ (కేంద్రం పత్తి కొనే సంస్థ) కొనాలంటే తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర, 8 నుంచి 12 దాకా శాతానికింత అని కోత, 12 దాటితే వాపసు. పొద్దున్నే మంచు మీద ఏరిన పత్తి నేరుగా మూటకట్టి తెస్తే 12 దాటుతాది. రెండు ఎండలు ఆరబోసి తేవల్ల.

కరపత్రంలో విదేశీ వ్యాపారం అని రాసినప్పుడు ఈ తేమ ముక్క కూడా పెట్టండి. సుంకం రైతు చేతిలో లేదు, ఆరబోయడం చేతిలో ఉంది. చేతిలో ఉన్నది ఒక్కటన్నా చెప్తే కాగితం ఇంటికి పట్టుకపోతారు.

తుంగభద్ర
సరే, పట్టు, పత్తి లెక్కలు చూసినాక ఒక మెట్టు దిగుతున్నా. ఇద్దరినీ రాయల్ల. కానీ పెట్టుబడి విషయంలో మాత్రం మేలే గట్టిగా చెప్పాల. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ చూపిస్తే చాలదా?

పెన్న_ఒడ్డు
చూపించండి, అయితే తారీఖులతో. 2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియా ఒప్పందం. సుమారు 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 జనవరిలో ట్రయల్ కారు బయటికి వచ్చింది, ఆగస్టులో సెల్టోస్ మార్కెట్టుకు, డిసెంబరులో లాంఛనంగా ప్రారంభం. ఒప్పందానికీ తొలి కారుకీ మధ్య రెండేళ్ల లోపే. నీళ్లు హంద్రీ-నీవా కాలువ మీద గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. ఇక్కడ తయారైన కార్లు మధ్యప్రాచ్యం, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలకు పోతున్నాయి. ఇవన్నీ ఎవరైనా సరిచూసుకోగలిగిన విషయాలు.

అక్కడ అసలు విశేషం చుట్టూ వచ్చిన విడిభాగాల ఫ్యాక్టరీలు. కారు తయారీలో సీటు, బంపరు, డ్యాష్‌బోర్డు లాంటివి లైను మీదికి గంటల లెక్కన అందల్ల. పెద్దవి, తేలిగ్గా గీత పడేవి, దూరం నుంచి తెస్తే లారీలో సగం గాలే మోసినట్టు. అందుకే సరఫరా కంపెనీలు తల్లి ఫ్యాక్టరీ పక్కనే దిగుతాయి. ఒక పెద్ద ఫ్యాక్టరీ వస్తే పది చిన్నవి వెంట వస్తాయనడానికి కారణం అది. బట్టల యూనిట్టుకో డేటా సెంటరుకో ఈ సూత్రం అట్లే అన్వయించకండి. డేటా సెంటరు కట్టేటప్పుడు వేలమంది పని చేస్తారు, నడిపేటప్పుడు చాలా తక్కువమంది.

లెక్కలపుస్తకం
పెట్టుబడి గురించి రాసేటప్పుడు జరిగే తప్పులు మూడు నాలుగు ఉన్నాయి, విడమరిచి చెప్తా.

ఒప్పందం అంకెను పెట్టుబడి అంకెగా రాయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అంటే ఆలోచన కాగితం మీద పెట్టడం. దాని తర్వాత రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డు ఆమోదం, రాయితీల జీవో, ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక వసతుల సంస్థ) భూమి కేటాయింపు, కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపన అనుమతి, కట్టడం, యంత్రాలు దిగడం, మళ్లీ అదే మండలి నుంచి నడిపే అనుమతి, అప్పుడు ఉత్పత్తి. ఏ మెట్టు దగ్గరైనా ఆగిపోవచ్చు. కాబట్టి ఏ ప్రాజెక్టు పేరు రాసినా పక్కన అది ఏ మెట్టు మీద ఉందో రాయండి. ఉదాహరణకు ఓర్వకల్లు, కొప్పర్తి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో ఈ రెండూ ఉన్నాయి. ఓర్వకల్లు 2,621 ఎకరాలు, 2,786 కోట్లు. కొప్పర్తి 2,596 ఎకరాలు, 2,137 కోట్లు. ఈ కోట్లు రోడ్లు, నీళ్లు, కరెంటు లాంటి వసతుల ఖర్చు. విదేశీ కంపెనీ తెచ్చే డబ్బు వేరే. రెండిటినీ కలిపి "ఇన్ని కోట్ల విదేశీ పెట్టుబడి" అని రాసిన పోస్టర్లు కనిపిస్తుంటాయి, అది తప్పు.

విదేశీ పెట్టుబడి అంటే అప్పు అనుకునేవాళ్లు ఉన్నారు. వాటా కొని వ్యాపారంలో దిగే డబ్బు అది, వాయిదాలు కట్టే పని లేదు. లాభం వస్తే కంపెనీ తన దేశానికి తీసుకుపోవచ్చు, నష్టం వస్తే అదీ దానిదే. "లాభం బయటికి పోతుందంట గదా" అని సభలో అడుగుతారు. అవును, పోతుంది అని చెప్పి, జీతాలు, పన్నులు, సరఫరాదార్ల బిల్లులు ఇక్కడే ఉంటాయని చెప్పండి. షేర్ల మార్కెట్లో వచ్చిపోయే విదేశీ డబ్బు వేరే రకం. మార్కెట్లో నమోదైన కంపెనీలో 10 శాతం కంటే తక్కువ వాటా అయితే దాన్ని పోర్ట్‌ఫోలియో పెట్టుబడి అంటారు, అది రేపు పొద్దున్నే అమ్ముకుని పోగలదు. ఫ్యాక్టరీ అట్ల మడిచిపెట్టుకుని పోలేదు.

రాష్ట్రాలవారీ విదేశీ పెట్టుబడి పట్టిక విషయంలో కూడా జాగ్రత్త. కేంద్రం ఆ లెక్క రాష్ట్రాలవారీగా ఇస్తున్నది 2019 అక్టోబరు నుంచే. అంతకుముందు రిజర్వు బ్యాంకు ప్రాంతీయ కార్యాలయాల లెక్క, హైదరాబాదు కింద రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి ఉండేవి. పెనుకొండ ఫ్యాక్టరీ ఆ తారీఖుకు ముందే నడుస్తోంది. కాబట్టి కొత్త పట్టిక చూసి "మన రాష్ట్రానికి ఇంతే వచ్చింది" అని కొట్టేయొద్దు, గొప్పలూ చెప్పొద్దు.

అరటితోట
లెక్కలపుస్తకం చెప్పిన ఎంఓయూ మెట్ల వరస ఫ్లెక్సు మీద నిచ్చెన బొమ్మగా వేయొచ్చు. ఏ మెట్టు మీదుంటే అక్కడ ఒక చుక్క.

ఫ్లెక్సు_సైజు
వేయొచ్చు గానీ లెక్క చూసుకోండి. 6 అడుగులకు 4 అడుగుల ఫ్లెక్సు 30 అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం ఎత్తు 3 అంగుళాలన్నా ఉండల్ల. ఒత్తులు, గుడులు ఉండే మన లిపికి వరసల మధ్య ఇంకో 2 అంగుళాలు ఇడిసిపెట్టల్ల. అంటే బొమ్మకు సగం పోతే మాటలకు నాలుగైదు వరసలే మిగులుతాయి. 20 మాటలు దాటితే ఫ్లెక్సు ముగ్గులా ఉంటాది గానీ చదవలేరు. పసుపు మీద ఎరుపు వద్దు, సాయంత్రం ట్యూబులైటు కింద కలిసిపోతాది. తెలుపు మీద నలుపు, లేదంటే ముదురు నీలం. ఇంకో మాట, కంప్యూటరులో ఫాంటు మార్చినప్పుడు ఒత్తులు విడిపోతాయి. అచ్చుకు పంపేముందు పీడీఎఫ్ చేసి, ఒక తూరి బయటికి గట్టిగా చదివించండి.

గుత్తికోట
అయితే పాత డ్రాఫ్టు మొత్తం పక్కకే. సంతోషం.

ముగ్గురాయి
కడప వైపు సభలుంటే మంగంపేట వదలొద్దు. ప్రపంచంలో పెద్ద బెరైటీస్ (ముగ్గురాయి) నిక్షేపాల్లో అది ఒకటి, రాష్ట్ర ఖనిజ సంస్థ ఏపీఎండీసీ తవ్వుతుంది. ఆ రాయి ఎక్కడికి పోతుందో రైల్వేకోడూరు చుట్టుపక్కల పిండిమిల్లుల్లో పనిచేసేవాళ్లకే చాలామందికి తెలియదు. చమురు బావి తవ్వేటప్పుడు లోపల నుంచి గ్యాసు ఎగదన్నకుండా బరువైన బురద నింపుతారు, ఆ బురదకు బరువు ఇచ్చేది ఈ పిండి. లీటరు నీళ్లు కిలో, అదే పరిమాణం రాయి 4.2 కిలోలు. పిండిలో 75 మైక్రాన్ల కంటే పెద్ద రేణువులు 3 శాతం దాటకూడదు, దాటితే సరుకు నిలబడదు.

ఇందులో చెప్పాల్సిన సంగతి ఒకటుంది. అమెరికాలోనో సౌదీలోనో చమురు బావుల తవ్వకం తగ్గితే ఇక్కడ మిల్లు ఆగుతుంది. 2014 తర్వాత చమురు ధర పడినప్పుడూ, 2020లోనూ తవ్వకాలు అట్లే తగ్గినాయి. మన ఊరి కూలీ ఎక్కడో వేల మైళ్ల దూరంలో ఉన్న బావి మీద ఆధారపడి ఉందని చూపిస్తే, విదేశీ వ్యాపారం అంటే ఏందో ఇంక వేరే పాఠం అక్కర్లేదు. ముగ్గురాయి ముక్క ఒకటి, అంతే సైజు మామూలు రాయి ఒకటి సభకు తీసుకపోయి రెండు చేతుల్లో పెట్టి చూడమనండి. పిలకాయలు క్యూ కడతారు.

హంద్రీ
ఈ ఐడియా బాగుంది. అరటి పెట్టె, ముగ్గురాయి రెండూ బల్ల మీద పెట్టండి. బల్ల ముందు గుంపు చేరితే మైకు పని సగం అయిపోయినట్టే.

బుడ్డలబస్తా
శనక్కాయ మాట ఎవరూ ఎత్తలేదే! అనంతపురం సభల్లో బుడ్డలు లేకుండా విదేశీ వ్యాపారమా?

మన గింజ యూరప్ దాకా ఎందుకు పోలేకపోతోందంటే అఫ్లాటాక్సిన్. ఆకుపచ్చ బూజు నుంచి వచ్చే విషం. నేరుగా తినే గింజకు యూరప్ పరిమితి మొత్తం 4 పీపీబీ. పీపీబీ అంటే పల్లెలో ఎవరికీ అర్థం కాదు, "టన్ను గింజల్లో 4 మిల్లీగ్రాములు" అని రాయండి. శుద్ధి చేసి వాడే గింజకు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల) పరిమితి 15 పీపీబీ. ఇండోనేషియా, వియత్నాం, మలేషియా, ఫిలిప్పీన్స్ మన గింజ బాగానే కొంటాయి, యూరప్ తలుపు మాత్రం ఇరుకు.

బూజు ఎక్కడ పడుతుందంటే: పంట చివర బెట్ట తగిలి కాయ పగిలినప్పుడు, పీకినాక కట్ట తడిసినప్పుడు, ఇంకా ముఖ్యంగా ఒలిచేముందు గింజ పగలకూడదని కాయ మీద నీళ్లు చల్లినప్పుడు. ఆ నీళ్లే కొంప ముంచేది. తేమ 8 శాతం లోపుకు ఆరబెట్టి, నేల మీద కాకుండా చెక్కల మీద బస్తాలు పెట్టి, బూజు కాయను చేత్తో ఏరితే చాలా తగ్గుతుంది.

దిగుమతి వైపు చూస్తే ముడి వంటనూనెల మీద సుంకం 2024 సెప్టెంబరులో 20 శాతం చేసినారు, 2025 మే చివర 10కి దించినారు. వంటింటికి పామాయిల్ ధరలో ఊరట, బుడ్డల రైతుకు నూనె మిల్లులో పోటీ. పట్టుపోగు చెప్పిన కథే.

అరటితోట
ఏం తప్పు జరుగుతుందో నేనూ రాసి ఉండాల్సింది. అరటిలో చలి దెబ్బ. 13 డిగ్రీల కంటే కిందికి పోతే కాయ తొక్క బూడిదరంగు తిరిగి, తర్వాత మాగేసినా పసుపు రాదు. పొలంలో వేడి దిగకముందే కంటైనరులో పెడితే కొన్ని కాయలు దారిలోనే మాగి, వాటి గాలికి పక్క కాయలూ మాగుతాయి. పోర్టులో కంటైనరు కరెంటు ప్లగ్గు కోసం నిలబడినా ఇదే. వెరసి సరుకు తిరస్కరిస్తే పెట్టె ఖర్చు, ఓడ బాడుగ పైన పడతాయి, పండు తిరిగి రాదు. అందుకే కొనేవాడితో ఒప్పందంలో నాణ్యత ఎక్కడ చూస్తారో ముందే రాసుకోవాలి: ప్యాక్‌హౌసులోనా, అవతలి రేవులోనా. ఈ ఒక్క వాక్యం కరపత్రంలో ఉంటే రైతు సంఘాలకు పనికొస్తుంది.

తుంగభద్ర
భూమి ప్రశ్నకు ఏం చెప్తారు? "విదేశీ కంపెనీలు వచ్చి పొలాలు కొనేస్తాయంట" అని ప్రతి సభలో ఎవరో ఒకరు లేస్తారు.

లెక్కలపుస్తకం
రెండు ముక్కలు చేసి చెప్పాల. విదేశీయులు మన వ్యవసాయ భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. మామూలు సేద్యంలోకి విదేశీ పెట్టుబడికీ అనుమతి లేదు. పూలు, పాలీహౌసు కూరగాయల లాంటి కొన్నిటికే ఉంది. ఆ పుకారు తప్పని గట్టిగా చెప్పొచ్చు.

కానీ ఆ ప్రశ్న వెనకున్న భయం వేరే. ప్రభుత్వం భూసేకరణ చేసి ఏపీఐఐసీకి ఇస్తే, అది కంపెనీకి కేటాయిస్తుంది. దానికి 2013 భూసేకరణ చట్టం ఉంది, మార్కెట్ విలువ లెక్కగట్టినాక అంతే మొత్తం పరిహారంగా అదనంగా కలుపుతారు. చిక్కు ఎక్కడంటే రిజిస్ట్రేషను విలువ అసలు ధర కంటే తక్కువ ఉన్న ఊర్లలో లెక్క మొదలే తక్కువలో మొదలవుతుంది. డి-పట్టా (ప్రభుత్వం పంచి ఇచ్చిన) భూమి, పేరు మార్చని వారసత్వ భూమి ఉన్నోళ్లు కాగితాల దగ్గరే నిలిచిపోతారు. భయపడేవాళ్లకు "పుకారు నమ్మొద్దు" అని చెప్పి కూర్చోబెడితే వాళ్లు ఇంకెప్పుడూ లేవరు, నమ్మరు. పాస్‌బుక్కు, అడంగల్ పేర్లు సరిచూసుకోమని చెప్పండి, అది వాళ్లకు ఆస్తి.

చిత్రావతి
ఈ పోస్టు మొత్తం కరపత్రం వెనకవైపు పోవల్ల.

పట్టుపోగు
చిన్న ఎగుమతికి కావలసిన మెట్లు కూడా పెట్టండి, ధర్మవరంలో అడిగేది అదే. ఎగుమతి దిగుమతి కోడు కేంద్ర వాణిజ్య శాఖ డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో, పాన్, బ్యాంకు ఖాతా ఉంటే 500 రూపాయలకు వస్తుంది. ప్రతి ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఆన్‌లైనులో ఒకసారి సరిచూసి నిర్ధారించాలి, రుసుము లేదు. మరిచిపోతే కోడు నిద్రపోతుంది, సరుకు రేవులో ఆగినాక గాని తెలియదు. జీఎస్టీ నంబరు ఉన్నోళ్లు పన్ను కట్టకుండా పంపాలంటే ముందే హామీ పత్రం ఎల్‌యూటీ దాఖలు చేయాలి. ఒకటి రెండు చీరలు పంపేవాళ్లకు కంటైనరూ వద్దు, ఏజెంటూ వద్దు. పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఉన్నాయి, అక్కడ తపాలా ఎగుమతి బిల్లు వేసి పంపొచ్చు.

ఆదోని_యార్డు
ఆదోని సభకు కరపత్రం ఉర్దూలో కూడా వేయండి. కన్నడ మాట్లాడే ఊర్లు కూడా ఉన్నాయి. తెలుగు కాగితం ఒక్కటే పట్టుకపోతే సగం చేతులు ఖాళీ.

పెన్న_ఒడ్డు
సభ సాయంత్రం 7 తర్వాత పెట్టండి, పాలు పోసి వచ్చినాక. ఆఫీసరు కంటే ముందు ప్యాక్‌హౌసులో పనిచేసే ఆడమనిషితో మాట్లాడించండి. పెట్టె మడవడం ఆమె చేసి చూపిస్తే చాలు. ఇంకొకటి, కాగితం మీద ప్రతి అంకె పక్కన ఏ నెలదో రాయండి. సుంకాలు మారుతూనే ఉంటాయి, ఆర్నెల్ల తర్వాత అదే కాగితం అబద్ధం అవుతుంది.

గుత్తికోట
అందరిదీ కలిపి రాయించినా. ఫ్లెక్సు మీద ఇది:

"ఈ 13 కిలోల పెట్టె ఓడ ఎక్కితే కూలి ఎవరికి? ఆగితే నష్టం ఎవరికి? బల్ల దగ్గరికి రండి, లెక్క చూద్దాం."

కరపత్రం ముందువైపు అరటి పెట్టె, పట్టు లెక్క, మూరెడు ఖాళీ లేకుండా ఉల్లి తారీఖులు. వెనకవైపు శనక్కాయ బూజు, పత్తి తేమ, ఎంఓయూ నిచ్చెన, భూమి కాగితాలు, ఎగుమతి కోడు.

హంద్రీ
ఉల్లి కింద ఒక వాక్యం చేర్చండి. "కృష్ణాపురం ఉల్లికి 2020లో 10,000 టన్నుల మినహాయింపు దొరికింది" అని. ఎగుమతి నిషేధం ఉన్నా మైదుకూరు వైపు పండే ఆ చిన్న ఎర్రగడ్డకు చెన్నై పోర్టు మీదుగా పంపడానికి 2021 మార్చి 31 దాకా ఒప్పుకున్నారు. ఇక్కడ దాన్ని తినేవాళ్లు తక్కువ, సింగపూరు, మలేషియా లాంటి చోట్లకే పోతుంది గాబట్టి నిషేధం పెట్టినా మనకు ధర తగ్గేదేం లేదు. రకం వేరని గట్టిగా అడిగి, చూపించుకుంటేనే ఆ దారి దొరికింది. అడగొచ్చని కర్నూలు రైతుకు తెలియల్ల.

ఫ్లెక్సు_సైజు
గుత్తికోట అన్నా, ఫ్లెక్సు మాటలు లెక్కబెట్టినా, సరిపోయినాయి. కరపత్రంలో పట్టు లెక్క దగ్గర 4,000కు 15 శాతం 650 అని పడింది. 600. అచ్చుకు పోకముందే మార్చండి.

గుత్తికోట
మార్చినా. ఉల్లి వాక్యం కూడా ఎక్కించినా. రేపు పొద్దున ప్రెస్సుకు పోతాది.